అలారం మోగినా మాత్ర ఎందుకు వేసుకోరు?

నాన్నకి షుగర్. ఆయన ఫోన్‌లో మందుల రిమైండర్ యాప్ నేనే పెట్టా. రోజూ రాత్రి 8కి అలారం, ఆయన టిక్ కొట్టడం. అంతా బాగుందనుకున్నా. తీరా హెచ్‌బీఏ1సీ టెస్ట్ చేయిస్తే 7.2 కాస్తా 9.1 అయింది. ఈ టెస్ట్ రెండు మూడు నెలల సగటు షుగర్ చూపిస్తుంది, టిక్ మార్కులతో దాన్ని మోసం చేయలేం.

అడిగితే తెలిసింది: ఓ వాట్సాప్ షుగర్ గ్రూప్‌లో "మెట్‌ఫార్మిన్‌తో కిడ్నీలు పోతాయి, మెంతుల నీళ్లు చాలు" అన్న ఫార్వర్డ్ చూసి మాత్ర ఆపేశారట. నిజానికి కిడ్నీలను దెబ్బతీసేది అదుపు తప్పిన షుగరే. కిడ్నీ పనితీరు బాగా తగ్గినవాళ్లకి మాత్రం డాక్టర్లు ఈ మందు డోసు తగ్గిస్తారు, లేదా ఆపేస్తారు.

మళ్లీ దారిలో పెట్టింది కూడా ఆ గ్రూపే. "నాకూ మొదట్లో విరేచనాలు అయ్యేవి. డాక్టర్ భోజనంతో వేసుకోమన్నాక తగ్గాయి" అని ఒక పెద్దాయన రాశారు. నాన్న అసలు ఇబ్బందీ అదే, మాకు చెప్పడానికి మొహమాటపడ్డారు. మర్నాడే డాక్టర్ దగ్గరికెళ్లాం.

దీర్ఘకాలిక జబ్బులకు మందులు సరిగ్గా వాడేవాళ్లు అభివృద్ధి చెందిన దేశాల్లోనే సగటున 50 శాతమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లోనే చెప్పింది. మతిమరుపు ఒక్కటే కారణమైతే అలారం సరిపోయేది. భయం, సైడ్ ఎఫెక్ట్, ఎవరి మాట నమ్మాలన్న అయోమయం కూడా ఉంటాయి. వాటికి మనుషులే కావాలి.

అందుకే మీ ఇంట్లో పెద్దవాళ్లకి యాప్ పెట్టి వదిలేయకండి. వాళ్లు ఏ గ్రూపుల్లో ఉన్నారో, మాత్ర వేసుకుంటే ఒంట్లో ఎలా ఉంటోందో కూడా అడగండి.