పెన్‌డ్రైవ్‌తో బయోస్ అప్‌డేట్: మధ్యలో ఆగితే ఎలా?

పాత బీ450 మదర్‌బోర్డు మీద కొత్తగా కొన్న రైజెన్ 5 5600 బిగించారు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, తెర మీద మాత్రం ఏమీ రావడం లేదు. ప్రాసెసర్ పాడైందని అప్పుడే తేల్చేయకండి. బోర్డు 2018 నాటిది, ప్రాసెసర్ 2022లో వచ్చింది. దాన్ని గుర్తుపట్టాలంటే బోర్డులోని బయోస్ కొత్తది కావాలి. ఆ పని పెన్‌డ్రైవ్‌తో ఇంట్లోనే చేసుకోవచ్చు. చాలామంది సగంలో ఆగిపోయేది కూడా అక్కడే.

ఒక విషయం ముందే చెప్పాలి. పెన్‌డ్రైవ్ కనిపించడం లేదన్నా, ఫైల్ చెల్లదన్నా కంగారు పడనక్కర్లేదు. బోర్డు ఇంకా ఏమీ మార్చలేదు, పాత బయోస్ అలాగే ఉంది. నిజంగా జాగ్రత్తపడాల్సింది చిప్‌లో కొత్త బయోస్ రాస్తున్న ఆ కొద్ది నిమిషాలే. అందుకే పని ఎక్కడ ఆగిందో ముందు తేల్చుకోండి: రాయకముందా, రాస్తుండగానా, రాసేశాకా?

1. బోర్డు పేరు, ఫైల్

కంప్యూటర్ నడుస్తుంటే విండోస్ సెర్చ్‌లో ‘సిస్టమ్ ఇన్ఫర్మేషన్’ తెరవండి. బోర్డు పేరు, ఇప్పుడున్న బయోస్ వెర్షన్ రెండూ అందులోనే ఉంటాయి. తెర రాకపోతే క్యాబినెట్ తెరిచి బోర్డు మీద అచ్చువేసిన పేరు చదవండి. బీ450, బీ450ఎం రెండూ ఒకటి కావు. గిగాబైట్ బోర్డుల్లో పేరుతోపాటు మూలన ఉండే రివిజన్ నంబర్ కూడా కలవాలి.

ఫైల్‌ను తయారీ కంపెనీ సైట్ నుంచే దించుకోండి. వెర్షన్ కింద రాసిన నాలుగు ముక్కలూ తప్పకుండా చదవండి. కొన్ని వెర్షన్లు ఎక్కాలంటే ముందు మరో వెర్షన్ ఎక్కించాలి. కొన్నింటిలో పాత ప్రాసెసర్లకు చోటే ఉండదు. తొలినాళ్ల ఏఎం4 బోర్డుల్లో చాలావాటికి బయోస్ చిప్ 16 మెగాబైట్లే కాబట్టి, కొత్తవాటిని ఇరికించడానికి కొన్ని పాతవాటిని తీసేయాల్సి వచ్చింది. ఇప్పుడు బోర్డులో ఉన్నది అలాంటి పాత ప్రాసెసర్ అయితే, అప్‌డేట్ అయ్యాక దానితో కంప్యూటర్ లేవదు.

2. పెన్‌డ్రైవ్

చాలా చిక్కులు ఇక్కడివే. నిన్నటిదాకా టీవీలో సినిమాలు ఆడిన 64 జీబీ పెన్‌డ్రైవ్ బోర్డుకు కనిపించకపోవచ్చు. అది సాధారణంగా కొన్నప్పటినుంచీ ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌లో ఉంటుంది, బయోస్‌కు కావలసింది ఫ్యాట్32. 32 జీబీ లేదా అంతకన్నా చిన్నదైతే రైట్ క్లిక్ చేసి ఫార్మాట్‌లో ఫ్యాట్32 ఎంచుకుంటే చాలు. అందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి, ముందే కాపీ చేసుకోండి.

జిప్‌ను జిప్‌గానే పెడితే బోర్డుకు అర్థం కాదు. విప్పి, లోపలి బయోస్ ఫైల్‌ను ఏ ఫోల్డర్‌లోనూ దూర్చకుండా పెన్‌డ్రైవ్ పైవరుసలోనే పెట్టండి. తీసేముందు ‘ఎజెక్ట్’ నొక్కండి.

3. పాత సెట్టింగులు, బిట్‌లాకర్

తెర వస్తుంటే పాత బయోస్‌లోని సెట్టింగులను ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ఓవర్‌క్లాక్ ఉంటే తీసేయండి. విండోస్‌లో డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే తాత్కాలికంగా సస్పెండ్ చేసి, 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. ఆ కీ లేకుంటే అప్‌డేట్ సవ్యంగా జరిగినా మీ ఫైళ్లు మీకు అందకుండా పోయే ప్రమాదం ఉంది.

4. ఎక్కించడం

ప్రస్తుత ప్రాసెసర్‌తో తెర వస్తుంటే, ఆన్ చేయగానే డిలీట్ లేదా ఎఫ్2 నొక్కి బయోస్‌లోకి వెళ్లండి. అప్‌డేట్ చేసే చోటును ఏసుస్‌లో ఈజీ ఫ్లాష్ అనీ, ఎంఎస్ఐలో ఎం-ఫ్లాష్ అనీ, గిగాబైట్‌లో క్యూ-ఫ్లాష్ అనీ, ఏఎస్‌రాక్‌లో ఇన్‌స్టంట్ ఫ్లాష్ అనీ అంటారు. ఫైల్ పేరు మార్చనక్కర్లేదు.

తెర రాకపోతే బోర్డు వెనక ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉందేమో చూడండి. దీనికి ప్రాసెసర్, ర్యామ్ అక్కర్లేదు. 24 పిన్నుల కరెంటు తీగ, ప్రాసెసర్‌కు వెళ్లే 8 పిన్నుల తీగ పెట్టి, కంప్యూటర్ ఆన్ చేయకుండా పవర్ సప్లై స్విచ్ మాత్రం వేయండి. పెన్‌డ్రైవ్‌ను గుర్తు వేసి ఉన్న ఆ ఒక్క పోర్టులోనే పెట్టాలి.

ఈ దారిలో ఫైల్ పేరు కచ్చితంగా ఉండాలి. ఎంఎస్ఐ బోర్డుకు ‘ఎంఎస్ఐ’ అని పెట్టి, చుక్క తర్వాత ‘ఆర్ఓఎం’ అని ఉండాలి. గిగాబైట్‌కు ‘గిగాబైట్’, చుక్క, ‘బిన్’. ఏసుస్ జిప్‌లోనే పేరు మార్చే చిన్న ప్రోగ్రామ్ ఉంటుంది. విండోస్ కొన్నిసార్లు చుక్క తర్వాతి భాగాన్ని దాచేస్తుంది కాబట్టి, అప్పుడు మీరు మళ్లీ టైప్ చేస్తే అది రెండుసార్లు పడుతుంది, పైకి మాత్రం సరిగ్గానే కనిపిస్తుంది. ఎక్స్‌ప్లోరర్‌లో ‘వ్యూ’ కింద ఫైల్ ఎక్స్‌టెన్షన్లు చూపించమని పెట్టుకున్నాకే పేరు మార్చండి.

ఫ్లాష్‌బ్యాక్ బటన్ నొక్కాక లైటు మెరుస్తుంటే పని జరుగుతున్నట్టు. కొన్ని సెకన్లకే ఆరిపోయినా, మెరవకుండా నిలకడగా వెలిగినా బోర్డు ఫైల్‌ను ఒప్పుకోలేదన్నమాటే.

5. ఒప్పుకోకపోతే

ఒక్కోసారి ఒక్కటే మార్చండి, లేకపోతే ఏది పనిచేసిందో తెలియదు. ముందు పేరు, తర్వాత పోర్టు: క్యాబినెట్ ముందువైపు పోర్టులు, హబ్‌లు వద్దు. ఆ తర్వాత పెన్‌డ్రైవ్. పాత 8 జీబీ, 16 జీబీ యూఎస్‌బీ 2.0 పెన్‌డ్రైవ్‌లు ఈ పనికి కొత్తవాటికన్నా నమ్మకం. అప్పటికీ కాకపోతే రూఫస్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో ‘నాన్ బూటబుల్’, ఎంబీఆర్, ఫ్యాట్32 ఎంచుకుని మళ్లీ ఫార్మాట్ చేయండి. పెన్‌డ్రైవ్ జీపీటీ పద్ధతిలో ఉంటే కొన్ని బోర్డులు చదవవు. ఫైల్ చెల్లదని సందేశం వస్తే బోర్డు పేరు మళ్లీ సరిచూసి, ఫైల్‌ను కొత్తగా దించుకోండి. పాత వెర్షన్‌కు వెనక్కి వెళ్లడాన్ని కొన్ని బోర్డులు అసలు ఒప్పుకోవు.

6. రాస్తుండగా

తాకకండి. మనకు ఎండాకాలంలో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం కాబట్టి యూపీఎస్ మీదే చేయండి. మధ్యలో తెర నల్లబడవచ్చు, కంప్యూటర్ దానంతటదే రెండు మూడుసార్లు రీస్టార్ట్ కావచ్చు. తెర మీది శాతం అంకె ఒకచోటే నిలిచిపోయినా కనీసం అరగంట ఆగండి.

7. తర్వాత

డీడీఆర్5 బోర్డుల్లో మొదటిసారి ర్యామ్‌ను సరిచూసుకోవడానికే కొన్ని నిమిషాలు పడుతుంది. నల్లతెర చూసి ఆపేయకండి. సెట్టింగులన్నీ మొదటికొస్తాయి, ర్యామ్ వేగం కూడా తగ్గవచ్చు. విండోస్ లేవకపోతే ఫొటోలు చూసి బూట్ వరుస, సీఎస్ఎం, సాటా మోడ్ పాతవిలాగే పెట్టండి. ఏఎండీ బోర్డు ‘ఎఫ్‌టీపీఎం రీసెట్ చేయాలా’ అని అడిగినప్పుడు బిట్‌లాకర్ కీ చేతిలో లేకపోతే ‘ఎన్’ నొక్కండి.

ఎంతకీ తెర రాకపోతే కరెంటు తీగ పీకేసి, బోర్డు మీది సీఆర్2032 సెల్ తీసి, కొన్ని నిమిషాలాగి పెట్టండి. అదీ కాకపోతే ఫ్లాష్‌బ్యాక్ బటన్‌తో మళ్లీ మొదలుపెట్టవచ్చు. చెడిపోయిన బయోస్ మీద కూడా అది పనిచేస్తుంది. ఆ బటన్ లేని బోర్డునూ పారేయనక్కర్లేదు. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్ లాంటి చోట్ల చిప్ లెవెల్ రిపేర్ చేసేవాళ్లు ప్రోగ్రామర్ అనే పరికరంతో చిప్‌లోకి నేరుగా బయోస్ రాస్తారు. వెళ్లేటప్పుడు మీ బోర్డు ఫైల్ మీరే పట్టుకెళ్లండి, చిప్ 3.3 వోల్టులదో 1.8 వోల్టులదో చూసుకున్నాకే కరెంటు ఇవ్వమనండి.