పెరిగే నగరానికి పటం గీయడం ఎలా?

బడులు తెరిచే రోజుల్లో దర్జీ కొట్టుకు వెళ్ళినప్పుడు జరిగే ముచ్చట మీకు తెలిసిందే. దర్జీ కొలతలు తీస్తూ ఉంటాడు. పక్కనున్న అమ్మ ఊరుకోదు. “ఎదిగే పిల్లాడు, కాస్త వదులుగా కుట్టు నాయనా. కింద మడత ఎక్కువ పెట్టు” అంటుంది. ఆ మడత ఏడాదంతా ఎవరికీ కనిపించదు. మరుసటి సంవత్సరం లాగు పొట్టి అయినప్పుడు దాని విలువ తెలుస్తుంది. మడత విప్పితే లాగు మళ్ళీ సరిపోతుంది. మడతే పెట్టకుండా కుట్టిన లాగును ఎంత లాగినా అంగుళం పెరగదు.

ఊళ్ళు కూడా పిల్లల్లాగే ఎదుగుతాయి. కాని లాగు పొట్టి అయితే కొత్తది కుట్టించుకోవచ్చు. వీధి ఇరుకైపోతే మాత్రం అటూ ఇటూ ఉన్న ఇళ్ళు పడగొట్టాలి. అందుకే ఊరు ఎదగకముందే, ఇరవై ముప్పై ఏళ్ళ తర్వాత దానికి ఏమేమి కావాలో లెక్క కట్టి, ఎక్కడెంత చోటు వదలాలో పటం మీద గుర్తిస్తారు. దానినే బృహత్ ప్రణాళిక అంటారు. వాడుకలో మాస్టర్ ప్లాన్ అనే మాట మీరు వినే ఉంటారు. ఈ పని ఎలా చేస్తారో మన విశాఖపట్నాన్ని ఉదాహరణగా తీసుకొని చూద్దాం.

విశాఖ ఎలా పెరిగింది?

1901 జనాభా లెక్కల్లో విశాఖపట్నంలో ఉన్నవారు సుమారు 40 వేల మంది. అది సముద్రపు ఒడ్డున ఒక చిన్న పట్టణం. 1933లో అక్కడ ఓడరేవు తెరిచారు. 1941లో నౌకా నిర్మాణ కేంద్రానికి పునాది పడింది. 1948లో అక్కడ కట్టిన ‘జల ఉష’ అనే ఓడ నీటిలోకి దిగింది. 1957లో చమురు శుద్ధి కర్మాగారం వచ్చింది. 1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. ఒక్కొక్క కర్మాగారం వెంట వేలాది కుటుంబాలు వచ్చాయి. వారికి పాలు, కూరగాయలు అమ్మేవారు, ఇళ్ళు కట్టేవారు, పాఠాలు చెప్పేవారు కూడా వచ్చారు. 1951 నాటికి జనాభా లక్ష దాటింది. 1971కి మూడున్నర లక్షలయింది.

ఇంత వేగంగా పెరిగే ఊరిని పురపాలక సంఘం హద్దుల లోపలే చూస్తే సరిపోదు. చుట్టుపక్కల పల్లెలను కూడా కలిపి ఆలోచించాలి. అందుకోసం 1978లో విశాఖపట్నం పట్టణాభివృద్ధి సంస్థ ఏర్పడింది. అందరూ ‘వుడా’ అని పిలుచుకొన్నది దీనినే. 2018లో దీని స్థానంలో ఇంకా పెద్ద ప్రాంతానికి మహానగర ప్రాంతీయ అభివృద్ధి సంస్థ వచ్చింది.

మొదటి ప్రశ్న: ఎంతమంది ఉంటారు?

ప్రణాళిక వేసేవారు మొట్టమొదట వేసుకొనే ప్రశ్న ఇది. దీనికి మీ చక్రవడ్డీ లెక్క చాలు. జనాభా కూడా చక్రవడ్డీలాగే పెరుగుతుంది. ఒక చిన్న సూత్రం గుర్తుంచుకోండి. ఏటా పెరిగే శాతంతో 70ని భాగిస్తే, ఎన్నేళ్ళలో రెట్టింపవుతుందో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. ఏటా 2 శాతం పెరిగే ఊరు 35 ఏళ్ళలో రెట్టింపవుతుంది. 7 శాతం పెరిగేది పదేళ్ళలోనే రెట్టింపవుతుంది.

1951 నుంచి 1971 వరకు విశాఖ ఇరవై ఏళ్ళలో మూడు రెట్లకు పైగా పెరిగింది. అంటే దాదాపు 12 ఏళ్ళకు ఒకసారి రెట్టింపయిందన్న మాట. ఇదే వేగం కొనసాగుతుందని 1971లో ఎవరైనా లెక్క వేసి ఉంటే, 2011కి 35 లక్షల మంది ఉంటారని తేలేది. మరి నిజంగా ఏమయింది? 2011 జనాభా లెక్కల ప్రకారం మహా విశాఖ నగరపాలక సంస్థలో ఉన్నది 17 లక్షల పైచిలుకు. అది కూడా 2005లో గాజువాకను, అనేక గ్రామాలను నగరంలో కలిపిన తర్వాతి సంఖ్య!

దీనినుంచి మనం రెండు సంగతులు నేర్చుకోవాలి. ఒకటి, హద్దులు మారిన ఊరి పాత అంకెను, కొత్త అంకెను పక్కపక్కన పెట్టి పోల్చేటప్పుడు జాగ్రత్తగా ఉండాలి. రెండు, భవిష్యత్తును ఒకే గీతగా పొడిగించకూడదు. అందుకే ప్రణాళికలో తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని మూడు అంచనాలు వేసుకోవడం మంచిది. కొన్నేళ్ళకు ఒకసారి మళ్ళీ లెక్క చూసి దిద్దుకోవాలి. విశాఖకు 2021ని గురిగా పెట్టుకొన్న ప్రణాళిక 2006లో ఆమోదం పొందింది. ఆ గడువు రాగానే 2041కి మరొక ప్రణాళిక తయారుచేయవలసి వచ్చింది.

రెండవ ప్రశ్న: నీరు ఎక్కడినుంచి?

మురుగునీటి కాలువల వ్యవస్థ ఉన్న ఊళ్ళో మనిషికి రోజుకు 135 లీటర్ల నీరు ఇవ్వాలని మన దేశంలో ఒక లెక్క ఉన్నది. 20 లక్షల మంది ఉంటే ఎంత కావాలి? 20 లక్షలను 135తో హెచ్చించండి. రోజుకు 27 కోట్ల లీటర్లు! కర్మాగారాల అవసరం దీనికి అదనం. వాడిన నీటిలో సుమారు 80 శాతం మురుగునీరుగా బయటికి వస్తుంది. అంటే సుమారు 21 కోట్ల 60 లక్షల లీటర్లను రోజూ శుద్ధిచేయాలి.

విశాఖ పక్కన పెద్ద నది లేదు. సముద్రం ఉన్నా ఆ నీరు నేరుగా తాగడానికి పనికిరాదు. కాబట్టి ముడసర్లోవ, మేహాద్రిగెడ్డ జలాశయాలతో పాటు, గోస్తనీ నదిపై ఉన్న తాటిపూడి, శారదా నదిపై ఉన్న రైవాడ జలాశయాలనుంచి కూడా నీరు తెచ్చుకొంటున్నది. ఏలేరు జలాశయంనుంచి అయితే సుమారు 150 కిలోమీటర్ల కాలువ గుండా నీరు ప్రయాణం చేసి వస్తుంది. ఈ జలాశయాల కింద పొలాలున్న రైతులకు కూడా అదే నీరు కావాలి. నగరం తాగే ప్రతి బిందె నీటికీ వెనుక ఎక్కడో ఒక మడి ఉన్నదని ప్రణాళిక వేసేవారు మరచిపోకూడదు.

గొట్టాల విషయంలో ఒక చిన్న లెక్క చూడండి. గొట్టం వ్యాసాన్ని రెట్టింపు చేస్తే దాని నోటి వైశాల్యం నాలుగు రెట్లవుతుంది. అదే వేగంతో పారితే నాలుగు రెట్ల నీరు వస్తుంది. గోడ మందం మారకపోతే గొట్టానికి పట్టే లోహం మాత్రం దాదాపు రెట్టింపే. కందకం తవ్వేది కూడా ఒకసారే. ముందుగానే పెద్ద గొట్టం వేయడం దర్జీ పెట్టిన మడత లాంటిదని ఇప్పుడు అర్థమయింది కదూ?

మూడవ ప్రశ్న: ఏది ఎక్కడ?

నగర ప్రణాళిక పటం చూస్తే రంగుల చీరలా ఉంటుంది. సాధారణంగా ఇళ్ళ ప్రాంతానికి పసుపు, దుకాణాలకు నీలం, కర్మాగారాలకు ఊదా, ఉద్యానవనాలకు ఆకుపచ్చ వేస్తారు. దీనిని భూవినియోగ పటం అంటారు. ఏ రంగు ఎక్కడ వేయాలన్నది ఇష్టం వచ్చినట్లు నిర్ణయించేది కాదు. నేల, గాలి, నీరు ముగ్గురినీ అడిగి వేయాలి.

విశాఖ నేలను చూడండి. ఉత్తరాన కైలాసగిరి, సింహాచలం కొండలు. దక్షిణాన యారాడ కొండ. పడమట నరవ కొండలు. తూర్పున సముద్రం. పాత నగరం, ఓడరేవు, కొన్ని పెద్ద కర్మాగారాలు ఈ కొండల మధ్య ఒక గిన్నెలో ఉన్నట్లు ఉంటాయి. చలికాలపు రాత్రుల్లో నేల త్వరగా చల్లబడుతుంది. దానిని ఆనుకొని ఉన్న గాలి కూడా చల్లబడి బరువెక్కుతుంది. పైన వెచ్చని గాలి మూతలా కూర్చుంటుంది. అప్పుడు పొగ పైకి పోలేక గిన్నెలోనే నిలిచిపోతుంది. కొండలు చుట్టూ ఉన్నచోట పొగగొట్టం కట్టేముందు ఈ సంగతి చూసుకోవాలి. సంవత్సరంలో ఎక్కువ నెలలు విశాఖలో గాలి నైరుతి దిక్కునుంచి వీస్తుంది. ఒక కర్మాగారం పొగ ఏ ఇళ్ళ మీదికి పోతుందో దీనిని బట్టి ముందే చెప్పవచ్చు.

2020 మే 7న ఏం జరిగింది?

రంగుల మధ్య దూరం ఎందుకు వదలాలో విశాఖ చాలా బాధపడి నేర్చుకొన్నది. నగరం పడమటి వైపు వెంకటాపురం దగ్గర 1961లో స్థాపించిన ఒక ప్లాస్టిక్ కర్మాగారం ఉండేది. అది కట్టిన నాడు అది ఊరికి దూరం. తర్వాత నగరం పెరుగుతూ పెరుగుతూ దాని గోడదాకా వచ్చింది.

2020 మే 7 తెల్లవారుజామున అక్కడి తొట్టెలో నిలవ ఉన్న స్టైరీన్ అనే ద్రవం వేడెక్కి ఆవిరై బయటికి వచ్చింది. స్టైరీన్ అణువులు తమలో తాము గొలుసులా కలిసిపోతాయి. అలా కలిసేటప్పుడు వేడి పుడుతుంది. ఆ వేడికి మిగిలినవి ఇంకా త్వరగా కలుస్తాయి. అందుకే దానిని ఎప్పుడూ చల్లగా ఉంచాలి. దాని ఆవిరి గాలికన్నా బరువు. పైకి ఎగిరిపోకుండా నేలను అంటుకొని నిద్రపోతున్న వీధుల్లోకి పాకింది. పన్నెండు మంది చనిపోయారు. వందలాది మంది ఆస్పత్రుల పాలయ్యారు.

తొట్టెను సరిగా కాపాడకపోవడం కర్మాగారం తప్పు. ఆ గోడ పక్కన ఇల్లు కట్టుకొన్నవారిది తప్పు కాదు. స్థలం దొరికింది, పనికి దగ్గర, కట్టుకొన్నారు. కాని ప్రమాదకరమైన కర్మాగారానికీ ఇళ్ళకూ మధ్య చెట్లతో నిండిన ఖాళీ పట్టీ వదలాలనీ, దానిని ఎవరూ ఆక్రమించకుండా అరవై ఏళ్ళపాటు కాపాడాలనీ చెప్పవలసినది ఎవరు? అది నగర ప్రణాళిక పని. పటం మీద పచ్చరంగు పూయడం ఒక్కరోజు పని. దానిని పచ్చగా నిలబెట్టడం ఒక తరం పని.

గెడ్డల దారి మూయవద్దు

కొండలమీది వాన నీటిని సముద్రానికి చేర్చే వాగులను విశాఖలో ‘గెడ్డలు’ అంటారు. ఒక హెక్టారు నేలమీద 100 మిల్లీమీటర్ల వాన కురిస్తే ఎంత నీరో తెలుసా? పది లక్షల లీటర్లు! మట్టి నేల, చెట్లు అందులో చాలా భాగం ఇంకించుకొంటాయి. అదే నేలకు సిమెంటు పరిస్తే దాదాపు అంతా పారుతుంది. ఊరు పెరిగినకొద్దీ గెడ్డలోకి వచ్చే నీరు ఎక్కువవుతుంది. సరిగ్గా అప్పుడే గెడ్డను ఇరుకు చేసి ఇళ్ళు కడితే ఆ నీరు ఎక్కడికి పోవాలి? గదుల్లోకే. కాబట్టి గెడ్డకు ఇరువైపులా చోటు వదలడం పటంలో ముందుగా చేయవలసిన పని.

గాలివానలు కూడా లెక్కలో ఉండాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను గంటకు సుమారు 180 కిలోమీటర్ల గాలితో విశాఖను తాకింది. కరెంటు స్తంభాలు వరుసగా నేలకూలి చాలా వీధులు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. తర్వాత నగరంలో కరెంటు తీగలను నేలలోపల వేసే పని చేపట్టారు.

పటం ఎవరిది?

1914లో మన దేశానికి వచ్చిన ప్యాట్రిక్ గెడ్డీస్ అనే స్కాట్లండు శాస్త్రవేత్త అనేక పట్టణాలను కాలినడకన తిరిగి చూసి నివేదికలు రాశాడు. వైద్యుడు నాడి చూడకుండా మందు ఇవ్వకూడదు. అలాగే ఊరిని పరిశీలించకుండా ప్రణాళిక వేయకూడదని ఆయన అభిప్రాయం.

ఊరి నాడి బాగా తెలిసినవారు అక్కడ ఉండేవారే. అందుకే ప్రణాళిక ముసాయిదాను ప్రజల ముందుంచి, అభ్యంతరాలు విన్న తర్వాతే ఖాయం చేయాలని మన చట్టం చెబుతుంది. 2041 ప్రణాళిక ముసాయిదాను 2021లో అలాగే ప్రకటించారు. పటం మీద ఒక గీత రోడ్డు కావచ్చు. ఆ గీత కింద ఒక కుటుంబం జీవితమంతా కూడబెట్టి కొన్న నాలుగు సెంట్ల స్థలం ఉండవచ్చు. రోడ్డు అందరికీ కావాలి. ఆ కుటుంబానికి న్యాయమైన పరిహారమూ కావాలి. రెండూ చూసినదే మంచి ప్రణాళిక.

మీరే చేసి చూడండి

మీ బడి చుట్టూ అర కిలోమీటరు మేర ఒక పటం గీయండి. ఇళ్ళకు పసుపు, దుకాణాలకు నీలం, పనిస్థలాలకు ఊదా, చెట్లు, ఆటస్థలాలకు ఆకుపచ్చ వేయండి. వాన నీరు ఎటునుంచి ఎటు పారుతుందో బాణపు గుర్తులు పెట్టండి. వాన పడిన రోజు గొడుగు వేసుకొని వెళ్ళి మీ బాణాలు సరిపోయాయో లేదో చూడండి. మీ ఊరి గత మూడు జనాభా లెక్కలు సంపాదించి, ఎన్నేళ్ళకు రెట్టింపవుతుందో కట్టండి. అప్పటికి మీ పటంలో ఏ రంగు పెరగాలి? ఏ రంగును ఎవరూ ముట్టుకోకూడదు? తరగతిలో చర్చించండి.

ఈ పటాన్ని పారేయకుండా దాచుకోండి. ఇరవై ఏళ్ళ తర్వాత తీసి చూసుకుంటే, మీ ఊరికి మడత ఎవరు పెట్టారో, ఎవరు కత్తిరించారో మీకే తెలుస్తుంది.