వైద్యం ఆగినా సాయం ఆగదు: చూపు గురించి సందేహాలు - సమాధానాలు

ప్రశ్న: మావారికి 48 ఏళ్లు. నీటికాసుల జబ్బుతో చూపు చాలావరకు పోయింది. పోయింది ఇక రాదని డాక్టరుగారు చెప్పేశారు. మాకు దారేది?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ధైర్యంగా ఉండండమ్మా, మిగిలిన చూపుతో చేసుకోగలిగే పనులు ఇంకా చాలా ఉన్నాయి. హైదరాబాద్‌లోని ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వంటి చోట్ల పునరావాస కేంద్రాలుంటాయి. అక్కడ భూతద్దాల వాడకం, తెల్లకర్ర సాయంతో నడక, ఇంటిపనులు, ఫోను వాడకం నేర్పుతారు. ఉన్న చూపును కాపాడేది చుక్కల మందే కాబట్టి దాన్ని ఆపకండి. కన్ను ఎర్రబడి, విపరీతమైన నొప్పితో వాంతులైతే మాత్రం అప్పటికప్పుడే ఆసుపత్రికి వెళ్లండి.

ప్రశ్న: మా మామయ్యగారికి 76 ఏళ్లు. రెటీనా జబ్బుతో చూపు బాగా మందగించింది. ఈమధ్య గదిలో ఎవరో పిల్లలు కనిపిస్తున్నారంటున్నారు. గాలి సోకిందని చుట్టాలు అంటుంటే మాకు నిద్ర పట్టడం లేదు.
- ఒక కోడలు, నల్గొండ

జవాబు: గాలీ ధూళీ ఏమీ కాదు, చూపు తగ్గినవాళ్లలో ఇది మేం తరచూ వినేదే. కంటి నుంచి వచ్చే సమాచారం తగ్గినప్పుడు మెదడు తనంతట తానే బొమ్మలు కల్పించుకుంటుంది. దీన్ని చార్లెస్ బోనెట్ సిండ్రోమ్ అంటారు. ఆ పిల్లలు నిజం కాదని ఆయనకు తెలుస్తుంటే భయం లేదు. లైటు వేసి, చూపు అటూ ఇటూ తిప్పమనండి. మాటలు కూడా వినిపిస్తున్నాయన్నా, అవన్నీ నిజమేనని పట్టుబట్టినా నరాల డాక్టరుకు చూపించండి.

ప్రశ్న: మా పాపకు అయిదేళ్లు, పుట్టుకతోనే చూపు తక్కువ. అంధుల బడిలో చేర్చి, హాస్టల్లో వదిలి రావాల్సిందేనా?
- ఒక తల్లి, సంగారెడ్డి

జవాబు: అలాంటి నిబంధన ఏదీ లేదు తల్లీ. వైకల్యం 40 శాతం, ఆపైన ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచితంగా చదువుకునే హక్కును 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఇచ్చింది. ఇంటి దగ్గరి బడా, ప్రత్యేక పాఠశాలా అన్నది మీ ఇష్టం. బేగంపేటలోని దేవనార్ అంధుల పాఠశాలను ఒకసారి చూసొచ్చి, ఆ తర్వాతే నిర్ణయించుకోండి. పాప పుస్తకాన్ని ముఖానికి దగ్గరగా పెట్టుకుంటే పెట్టుకోనివ్వండి, వాడితే చూపు అరిగిపోదు. కంటిపాప తెల్లగా మెరుస్తున్నా, కొత్తగా మెల్ల వచ్చినా ఆలస్యం చేయొద్దు.

ప్రశ్న: ఇంటర్ చదువుతున్నాను. రేచీకటితో మొదలైంది, ఇప్పుడు పక్కల చూపు తగ్గుతోంది. రెటినైటిస్ పిగ్మెంటోసా అన్నారు. నేను కంప్యూటర్ కోర్సు చేయగలనా?
- ఒక విద్యార్థి, కర్నూలు

జవాబు: తప్పకుండా చేయగలరు. ఈ జబ్బులో చూపు సాధారణంగా ఏళ్ల తరబడి, నెమ్మదిగా తగ్గుతుంది కాబట్టి సిద్ధం కావడానికి వ్యవధి ఉంటుంది. తెర మీది అక్షరాలను చదివి వినిపించే ఎన్‌విడిఎ సాఫ్ట్‌వేర్ ఉచితమే. కాస్త కనిపిస్తున్నప్పుడే నేర్చుకుంటే తేలిక. పుట్టుకతోనే చూపు లేని శ్రీకాంత్ బొల్లా మచిలీపట్నం దగ్గరి పల్లె నుంచి వెళ్లి అమెరికాలో ఎంఐటీలో చదివారు, తిరిగొచ్చి పరిశ్రమ పెట్టారు. నెలల వ్యవధిలోనే చూపు బాగా తగ్గితే మాత్రం వెంటనే చూపించుకోండి, శుక్లం తోడై ఉంటే దానికి చికిత్స ఉంది.

ప్రశ్న: ముల్లు గుచ్చుకుని ఒక కన్ను పోయింది. రెండోది బాగానే ఉంది. ఒంటికంటి మీద భారం పడి అదీ పోతుందా? సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్ ఇస్తారా?
- ఒక రైతు, ఖమ్మం

జవాబు: ఒక్క కన్నే పనిచేసినంత మాత్రాన దానిమీద అదనపు భారమేమీ పడదు, నిశ్చింతగా పని చేసుకోండి. రెండో కన్ను పూర్తిగా బాగుంటే వైకల్యాన్ని 30 శాతంగానే లెక్కగడతారు. రిజర్వేషన్ల వంటి వాటికి కనీసం 40 ఉండాలి. పొలం పనికి వెళ్లేటప్పుడు రక్షణ కళ్లద్దాలు పెట్టుకోండి. గాయమైన కంటి కారణంగా అరుదుగా రెండో కన్నూ వాస్తుంది కాబట్టి ఎరుపు, మసక, వెలుతురు చూడలేకపోవడం కనిపిస్తే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

పాఠకులందరికీ ఒక్క మాట: ‘ఇక మందు లేదు’ అని డాక్టరు చెప్పిన రోజునే, దగ్గర్లోని పునరావాస కేంద్రం చిరునామా కూడా అడిగి తీసుకోండి.