పండుగ పూట గదిలో కూర్చోవద్దు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో ఏ ఇంటి నుంచైనా ఒకరు అమెరికా చదువుకు బయలుదేరుతున్నారంటే ఆ వారమంతా ఇంటిల్లిపాదీ తూకం మిషన్ చుట్టూనే ఉంటారు. రెండు పెట్టెలు, ఒక్కోటి 23 కిలోలు. మామిడికాయ తొక్కు ఒక కిలో తగ్గించాలా, కుక్కర్ తీసేయాలా అని గొడవ. ఐ-20, ఫీజు రసీదులు, టీకాల కాగితాలు ఫైల్లో భద్రంగా ఉంటాయి. పోయే దేశంలో జనం ఏ రోజు ఎందుకు పండుగ చేసుకుంటారు, ఏ పుస్తకాలు చదివి పెరిగారు, పొద్దున లేచి ఏం వింటారు అనే సంగతులు మాత్రం ఏ పెట్టెలోనూ ఉండవు.

నేనూ అట్లాగే మిర్యాలగూడ నుంచి పోయాను. నలుగురం తెలుగువాళ్లం ఒక అపార్టుమెంటులో దిగాం. వంటకు వంతులు, శనివారం ఇండియన్ స్టోర్, రాత్రి తెలుగు సినిమా. క్లాసులో తప్ప ఇంగ్లిష్ అవసరమే పడలేదు. 2023-24లో అమెరికాలో చదివే భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. ఆ ఏడాదే చైనాను దాటి మనవాళ్లు మొదటి స్థానానికి వచ్చారు. ఇంతమంది ఉన్నచోట రెండేళ్ల ఎం.ఎస్. పూర్తి చేసి కూడా ఒక్క అమెరికన్ ఇంటి గడప తొక్కకుండా ఉండటం చాలా సులువు. రూమ్మేట్లను వదలమని నేను చెప్పను. జ్వరం వస్తే గంజి కాచి ఇచ్చేది వాళ్లే. కానీ ఆ దేశాన్ని మీకు పరిచయం చేసేది వాళ్లు కాదు. పండుగలూ పుస్తకాలూ చేస్తాయి ఆ పని.

పుస్తకాలతో మొదలుపెట్టడానికి విమానం ఎక్కేదాకా ఆగనక్కరలేదు. వీసా పని మీద ఎట్లాగూ హైదరాబాదు పోతారు. ఉస్మానియా క్యాంపస్‌లో 1964లో అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ పెట్టారు. అమెరికన్ సాహిత్యం మీద పరిశోధన చేసేవాళ్లు దేశం నలుమూలల నుంచీ వచ్చి అక్కడ చదువుకునేవారు. ఇప్పుడది యూనివర్సిటీ వారి సెంటర్ ఫర్ ఇంటర్నేషనల్ ప్రోగ్రామ్స్. లోపలికి ఎవరిని, ఏ వేళల్లో రానిస్తారో ముందే ఫోన్ చేసి అడిగి వెళ్లండి. ఇంగ్లిష్ అంటే జంకు ఉంటే తెలుగులోనే చదవండి, తప్పేమీ లేదు. మార్క్ ట్వేన్ టామ్ సాయర్‌నూ హకల్‌బెరీ ఫిన్‌నూ నండూరి రామమోహనరావు తెలుగు పిల్లల చేతికి ఎప్పుడో అందించారు. అలెక్స్ హేలీ 1976లో రాసిన ‘రూట్స్’ సహవాసి చేతిలో ‘ఏడు తరాలు’ అయింది. మన నల్లగొండ వైపు వెట్టిచాకిరీ కథలు తాతల నోట విన్నవాళ్లకు ఆ పుస్తకం పరాయిది అనిపించదు. హేలీ చెప్పిన వంశవృక్షంలో కొన్ని వివరాలను చరిత్రకారులు ప్రశ్నించారు, అది కూడా తెలుసుకునే చదవండి. అయినా మనిషిని మనిషి కొనుక్కున్న దేశంలోకి అడుగుపెడుతున్నామని గుర్తుచేసే పుస్తకం అంతకన్నా నాకు దొరకలేదు.

అక్కడికి చేరిన మొదటి వారంలో బ్యాంకు ఖాతా, ఫోను సిమ్ అయ్యాక మూడో పనిగా ఊరి పబ్లిక్ లైబ్రరీకి వెళ్లండి. యూనివర్సిటీ లైబ్రరీ వేరు, ఇది వేరు. చిరునామా చూపించే కాగితం, అంటే అద్దె ఒప్పందమో కరెంటు బిల్లో తీసుకుపోతే చాలాచోట్ల పైసా లేకుండా కార్డు ఇస్తారు. ఆ కార్డుతో పుస్తకాలు, ఫోనులో వినే పుస్తకాలు, సినిమాలు, కొన్నిచోట్ల మ్యూజియం టికెట్లు కూడా వస్తాయి. ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ డబ్బుతో ఆ దేశంలో 1,689 లైబ్రరీలు కట్టారు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయంతో మొదలై మన జిల్లాలకు పాకిన గ్రంథాలయోద్యమాన్ని ఎరిగినవాళ్లకు ఆ భవనాల విలువ చెప్పనక్కరలేదు. తేడా ఏమిటంటే అక్కడ చిన్న ఊరిలోనూ లైబ్రరీ ఇంకా నిండుగా నడుస్తోంది. పిల్లలకు కథలు చెప్పే వేళ, కొత్తగా వచ్చినవాళ్లతో ఇంగ్లిష్ మాట్లాడించే గంట ఉంటాయి. ఆ రెండో దానికి తప్పక పోండి. ఎదుట కూర్చునేది ఎక్కువగా రిటైరైన టీచర్లు, ఓపికగా వింటారు.

ఒక మాట మధ్యలో చెప్పాలి. షికాగో, విస్కాన్సిన్ వంటి పెద్ద యూనివర్సిటీల లైబ్రరీల్లో తెలుగు పుస్తకాల అరలున్నాయి. పీఎల్-480 అనే అమెరికా చట్టం కింద మన దేశం అక్కడి గోధుమలను రూపాయల్లో కొన్నది. ఆ రూపాయల్లో కొంత పెట్టి 1962 నుంచి మన భాషల పుస్తకాలు కొని అక్కడి లైబ్రరీలకు పంపారు. అమ్మానాన్నల చిన్నతనంలో రేషన్‌లో వచ్చిన గోధుమలకూ, మంచు కురిసే ఊరిలో నేలమాళిగ అరలో ఉన్న తెలుగు నవలకూ బంధుత్వం ఉందని తెలిసిన రోజు నేను అక్కడే కాసేపు నిలబడిపోయాను.

వినడం సంగతి. క్లాసులో ప్రొఫెసర్ మాట అర్థమై, బస్ డ్రైవర్ మాట అర్థం కాకపోవడం మొదటి నెలల్లో అందరికీ ఉంటుంది. దానికి మందు రేడియో. 1970లో ఏర్పడిన ప్రజా రేడియో సంస్థ ఎన్‌పీఆర్ స్టేషన్లు చాలా యూనివర్సిటీల నుంచే నడుస్తాయి. పొద్దున వంట చేస్తూ ‘మార్నింగ్ ఎడిషన్’ పెట్టుకోండి. మొదట సగం పోతుంది, డిసెంబరుకు ముప్పాతిక వంతు నిలుస్తుంది. సినిమాలూ సీరియళ్లూ చూసేటప్పుడు కింద అక్షరాలు పెట్టుకోవడం చిన్నతనం కాదు. క్యాంపస్ విద్యార్థుల పత్రికను కూడా చదవండి. ఆ ఊరిలో ఎవరు దేనికి కోపంగా ఉన్నారో అందులో ఉంటుంది.

ఇక పండుగలు. అక్టోబరులో ప్రతి దుకాణం ముందు గుమ్మడికాయలు పోసి ఉంటాయి. మనకు ఇంచుమించు అదే రోజుల్లో బతుకమ్మ. తంగేడు, గునుగు దొరకవు. చామంతులూ బంతులూ ఉంటాయి, వాటితోనే పేర్చండి. దారిన పోయేవాళ్లు ఆగి అడుగుతారు, అప్పుడు చెప్పడానికి నాలుగు మాటలు సిద్ధం చేసుకోండి. హాలోవీన్ అక్టోబరు 31 సాయంత్రం. పిల్లలు వేషాలు వేసుకొని ఇంటింటికీ వస్తారు. తలుపు దగ్గర దీపం వెలిగిస్తే రమ్మని, ఆర్పేస్తే వద్దని గుర్తు. ఇంట్లో చేసిన అరిసెలు ఎంత బాగున్నా ఆ పిల్లలకు పెట్టవద్దు, విడివిడిగా కాగితం చుట్టిన చాక్లెట్లే ఇవ్వండి. మీరూ వేషం వేస్తే మొహానికి నల్ల రంగు పూసుకోవడం వంటిది చేయకండి. నల్లవాళ్లను వెక్కిరించే నాటకాల పాత చరిత్ర దాని వెనుక ఉంది.

నవంబరు మొదటి ఆదివారం గడియారం గంట వెనక్కి తిరుగుతుంది. న్యూయార్క్ వైపు ఉంటే మనకూ వాళ్లకూ తొమ్మిదిన్నర గంటలున్న తేడా పదిన్నర అవుతుంది. అమ్మకు ముందే చెప్పండి, ఫోను రాలేదని కంగారు పడుతుంది. ఎన్నికలు కూడా ఆ నెలలోనే. డ్రైవింగ్ లైసెన్సు కౌంటరులో ఓటరుగా నమోదు కావాలా అని అడగవచ్చు. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉన్న మీరు కాదనే చెప్పాలి. తెలియక సంతకం పెట్టినా వీసాకు పెద్ద చిక్కు.

ఆ నెల నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్. క్యాంపస్ భోజనశాలలు మూస్తారు, బస్సులు తగ్గుతాయి. దానికి నాలుగు రోజుల ముందే సరుకులు తెచ్చుకోండి. చాలామంది ప్రొఫెసర్లు, చర్చివాళ్లు ఊరికి పోలేని విద్యార్థులను భోజనానికి పిలుస్తారు. నన్నూ ఒక ప్రొఫెసర్ పిలిచారు. వస్తానని జవాబు రాయలేదు. మన పెళ్లికి పోయినట్టు ఇద్దరు మిత్రులను వెంటబెట్టుకొని ముప్పావు గంట ఆలస్యంగా పోయాను. బల్ల మీద పేర్లు రాసిన కాగితాలతో పన్నెండు కుర్చీలు వేసి ఉన్నాయి. ఆమె ఏమీ అనలేదు, వంటింట్లోంచి రెండు స్టూళ్లు తెచ్చి వేసింది. ఆ స్టూళ్లను చూసినప్పుడు నాకు కలిగిన సిగ్గు మీకు వద్దు. పిలుపు అందిన రోజే జవాబు ఇవ్వండి. ‘ఏం తేవాలి?’ అని అడగండి. ఏమీ వద్దన్నా కారం తగ్గించిన నిమ్మకాయ పులిహోర పట్టుకుపోండి. మాంసం తినకపోతే ముందే చెప్పండి. టర్కీ పక్కన పెట్టే స్టఫింగ్‌లో, గ్రేవీలో మాంసం రసం ఉంటుంది. మర్నాడు రెండు వాక్యాల కృతజ్ఞత రాయండి.

పండుగ చరిత్ర కొంత తెలిసి పోతే ఆ భోజనం ఇంకా బాగుంటుంది. 1621లో ప్లిమత్‌లో ఇంగ్లండు నుంచి వచ్చినవాళ్లు తొలి పంట ఇంటికొచ్చిన సంతోషంలో వాంపనోగ్ తెగవాళ్లతో కలిసి విందు చేసుకున్నారు. అంతర్యుద్ధం మధ్యలో, 1863లో లింకన్ దానిని దేశమంతటి పండుగగా ప్రకటించాడు. ఆ నేల అసలు వారసులలో కొందరు 1970 నుంచి అదే రోజున ప్లిమత్‌లో చేరి సంతాప దినం పాటిస్తున్నారు. ఒకే గురువారం, ఒకరికి కొత్త పంట, ఇంకొకరికి పోయిన నేల. నాగార్జునసాగర్ నీళ్లు ఎడమ కాలువలోకి వచ్చి పొలం పండిన ఇంటివాళ్లు, అదే సాగర్ కింద ఊరు మునిగినవాళ్లు, ఇద్దరూ మన చుట్టాల్లోనే ఉన్నారు కదా. అది మనకు అర్థం కాని సంగతి కాదు.

ఆ బల్ల దగ్గరే ఒక ముసలాయన మీ ఊరి పెద్ద వేడుక ఏదని అడిగాడు. రెండేళ్లకొకసారి దురాజ్‌పల్లిలో జరిగే పెద్దగట్టు జాతర గురించి చెప్పబోయాను. లింగమంతులస్వామి, గంపలెత్తుకొని గట్టెక్కే ఆడవాళ్లు, గజ్జెల లాగులు కట్టి ఆడే యాదవులు. ఎందుకు, ఎప్పటి నుంచి అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. వాళ్ల పండుగ తెలుసుకోవడానికి పోయి నా పండుగ నాకు తెలియదని తెలుసుకొని వచ్చాను. పోయే ముందు నాయనమ్మ దగ్గర కూర్చొని అడిగి రాసుకోండి.

జనవరి మూడో సోమవారం మార్టిన్ లూథర్ కింగ్ రోజు. సెలవు అని పడుకోకండి, ఆ రోజు ఊరి పనికి స్వచ్ఛందంగా పోవడం అక్కడి ఆనవాయితీ. అమెరికన్ రచయిత థోరో 1849లో రాసిన శాసనోల్లంఘన వ్యాసాన్ని గాంధీ చదివాడు. గాంధీని కింగ్ చదివి 1959లో మన దేశానికి వచ్చి వెళ్లాడు. ఆ వ్యాసం ఫోనులో ఉచితంగా దొరుకుతుంది, ఒక సాయంత్రం చాలు. ఫిబ్రవరిలో అమెరికన్ ఫుట్‌బాల్ పోటీ సూపర్ బౌల్, ఆట తెలియకపోయినా మిత్రులతో చూడండి. జూన్ 19 జూన్‌టీన్త్. బానిసత్వం పోయిందన్న కబురు 1865లో ఆ రోజున టెక్సస్‌లోని గాల్వెస్టన్‌కు చేరింది. దానికి జాతీయ సెలవు 2021లో గానీ రాలేదు. జులై 4న టపాసులు చూడటానికి పోయే ముందు, బానిసగా పుట్టిన ఫ్రెడరిక్ డగ్లస్ 1852లో ఆ పండుగ మీద చేసిన ప్రసంగం చదవండి.

డిసెంబరును చివరికి ఉంచాను. పరీక్షలు అవగానే క్యాంపస్ ఖాళీ అయిపోతుంది. 24 సాయంత్రం నుంచి దుకాణాలు మూస్తారు, నాలుగున్నరకే చీకటి. ఇంటి బెంగ ఎక్కువగా కమ్ముకునేది ఆ వారంలోనే. చర్చిలో కొవ్వొత్తుల ప్రార్థనకు ఎవరైనా పోవచ్చు, ఏ మతమని అడగరు. లేదంటే ఫ్రాంక్ కాప్రా 1946లో తీసిన ‘ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్’ చూడండి. విడుదలైనప్పుడు డబ్బులు రాలేదు. 1974లో కాపీరైట్ కొనసాగించుకోకపోవడంతో టీవీలన్నీ ఏటా డిసెంబరులో ఊరికే వేసి, దానిని ఇంటింటి సినిమా చేశాయి.

చిన్న ఊరిలో జార్జ్ బెయిలీ అనే యువకుడు. లోకమంతా తిరగాలని, కాలేజీలో చదవాలని ఆశ. తండ్రి పోతాడు. చదువుకు దాచుకున్న డబ్బు తమ్ముడికి ఇచ్చి తాను ఆఫీసు బల్ల ముందు కూర్చుంటాడు. నా గదిలో ఒక్కడినే చూస్తున్నాను. అక్కడే ఆపేశాను. మా నాన్న మంచం పట్టిన ఏడాది అన్నయ్య డిగ్రీ వదిలేసి బియ్యం మిల్లులో గుమాస్తాగా చేరాడు. నా లోను కాగితాల మీద హామీదారుగా ఉన్న సంతకం అతనిదే. అప్పటిదాకా అది నాకు సంతకం మాత్రమే.

ఫోను చేశాను. అక్కడ 25 పొద్దున. వెనుక వడ్ల లారీల హారన్లు.

‘‘తిన్నవా?’’ అన్నాడు.

‘‘తిన్నానే. నువ్వు?’’

‘‘లారీ దిగినంక తింట. ఏంది, ఈ యాల్లప్పుడు చేసినవ్?’’

సినిమా కథ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాను.