వల నిండిన మాత్రమున కడలి నిండియున్నదా?

(సహకార పఠనమండలుల కొఱకు పాఠము)

రైతు పంట నూర్చిన వెంటనే విత్తనపు వడ్లను వేఱుచేసి పాతర వేయును. ఆ యేడు తిండికి కొఱత వచ్చినను అప్పు తెచ్చుకొనునే గాని పాతర త్రవ్వడు. ఆ గింజలు తిన్నచో మఱుసటి యేట పొలము బీడగునని యతడెఱుగును. కాని విత్తనము నీటి యడుగున కంటికి కనబడకుండ నున్నప్పుడు, అదియు నొక్కని సొత్తు గాక పదిమంది సొత్తైనప్పుడు, మనుష్యులెట్లు ప్రవర్తింతురు? ఈ మాసపు పాఠమున ఈ ప్రశ్నను విచారింపదలచితిమి.

చింతగింజల పరీక్ష

మొదట నొక చిన్న పరీక్ష. బడిపిల్లలు గుంపుగా కూడి చేయదగినది. పెద్దలును చేసి చూడవచ్చును. ఒక పళ్లెములో 40 చింతగింజలు పోయుడు. పళ్లెమే సముద్రము; గింజలే చేపలు. నలుగురు బాలురు నాలుగు పడవలవారు. ఏటేట నొక్కొక్కరు కొన్ని గింజలు తీసికొందురు. మిగిలినవి సంవత్సరాంతమున రెట్టింపగును. అయితే పళ్లెములో నెన్నడును 40కి మించరాదు. ఏలయన సముద్రమున మేత యంతమాత్రమే.

తలకు 5 చొప్పున తీసిన యెడల 20 పోయి 20 మిగులును. అవి మరల 40 అగును. ఇట్లు పదియేండ్లలో 200 గింజలు చేతికి వచ్చును, పళ్లెమును నిండుగనే యుండును. ఇక తలకు 6 చొప్పున తీసి చూడుడు. మొదటి యేట 24 పోయి 16 మిగులును, అవి 32 అగును. రెండవ యేట 24 పోయి 8 మిగులును, అవి 16 అగును. మూడవ యేట ఆ పదునాఱును తీసికొనుటతో పళ్లెము వట్టిపోవును. మొత్తము చేతికి వచ్చినవి 64 మాత్రమే. ఆశపడినది తలకొక్క గింజ!

ఇందు ముఖ్యముగ గమనింపవలసిన దొకటి కలదు. రెండవ యేట గూడ వారికి 24 గింజలు లభించినవి. చేతిలోని గింజలను మాత్రమే లెక్కించువానికి మొదటి యేటికిని రెండవ యేటికిని భేదమే తోపదు. పళ్లెములోనికి తొంగిచూచిన వానికి మాత్రమే ముప్పు కనబడును. మఱియు నలుగురిలో నొక్కడు బుద్ధిమంతుడై 4 గింజలతో తృప్తిపడినను పళ్లెము దక్కదు. మిగిలిన ముగ్గురును ఆఱేసి తీయుచున్నచో నాలుగవ యేట నది వట్టిపోవును.

న్యూఫౌండ్లాండు కథ

ఇది పిల్లల యాట గదా యనవచ్చును. ఇదియే కథ ఒక దేశమున నిజముగ జరిగినది. కెనడా దేశపు తూర్పుకొనను న్యూఫౌండ్లాండు అను దీవి కలదు. దాని చెంత సముద్రగర్భమున విశాలమైన మెట్టలున్నవి. వానిని గ్రాండ్ బ్యాంకులందురు. ఉత్తరమునుండి వచ్చు చల్లని ప్రవాహమును, దక్షిణమునుండి వచ్చు వెచ్చని ప్రవాహమును అచ్చట కలియును. ఆ నీటిలో కంటి కానని సూక్ష్మజీవులు విస్తారముగ పెరుగును. వానిని తిని కేప్‌లిన్ అను చిన్నచేప బ్రతుకును. కేప్‌లినును తిని కాడ్ అను పెద్దచేప బలియును. 1497 సంవత్సరమున జాన్ కాబట్ అను నావికుడు ఆ ప్రాంతమునకు పోయి వచ్చినప్పుడు, అచ్చటి చేపలను గంపతో ముంచి తీయవచ్చునని ఆతనితో పోయినవారు చెప్పిరి. అది మొదలు నాలుగున్నర శతాబ్దములు గాలములతోను చిన్నవలలతోను పట్టినను ఆ చేప తఱుగలేదు.

1954లో బ్రిటనునుండి ఫెయిర్‌ట్రై అను పెద్ద ఓడ అచ్చటికి వచ్చెను. అది మహాపరిమాణము గల వలను సముద్రము అడుగున నీడ్చుచు చేపలను పట్టి, ఓడమీదనే కోసి గడ్డకట్టించు కర్మాగారము. దాని వెనుక అనేక దేశముల ఓడలు వచ్చెను. చలికాలమున గ్రుడ్లు పెట్టుటకై చేపలు గుమిగూడు తావులందే అవి వలలు వైచెను. 1968లో ఉత్తరపు కాడ్ పట్టుబడి 8 లక్షల టన్నులు మించెను. పదియేండ్లు గడవకముందే అది 2 లక్షలకు లోబడెను.

1977లో కెనడా తీరమునుండి 200 మైళ్ల మేర తనదని ప్రకటించి పరదేశపు ఓడలను చాలవఱకు తొలగించెను. కష్టము తీరినదని యందఱు తలచిరి. కాని వారి స్థానమున స్వదేశపు ఓడలే పెరిగినవి. తీరమున చిన్నపడవలతో వేటాడువారు 1980 తరువాతి యేండ్లలో, చేపలు తగ్గుచున్నవనియు, చిక్కినవియు చిన్నవనియు మొఱపెట్టిరి. వారి మాట చెల్లలేదు. ఏలయన పెద్ద ఓడల వలలు నిండుచునే యుండెను. మిగిలిన చేప గుంపులుగా నొకచోట చేరును. ఆ గుంపు లెచ్చట నున్నను యంత్రములు జాడతీయును. నిండిన వలలను జూచి లెక్కవేసిన పండితులు సముద్రమున నున్నదానికంటె నెక్కువ యున్నదని భ్రమపడిరి.

1992 జులై 2వ తేదీన మత్స్యశాఖామంత్రి జాన్ క్రాస్బీ ఆ వేటను నిలిపివేయుచున్నట్లు ప్రకటించెను. అప్పటికి గ్రుడ్లు పెట్టగల చేప పూర్వమున్న దానిలో నూటికొక పాలు మాత్రమే మిగిలెను. సుమారు 30,000 మంది పని కోల్పోయిరి. రెండేండ్లకని విధించిన నిషేధము 32 ఏండ్లు సాగి, 2024లో ఎత్తివేయబడినది. నీరు మిక్కిలి చల్లబడుటయు, కేప్‌లిను క్షీణించుటయు కొంత కారణములే యైనను, విత్తనపు చేపను మితిమీరి పట్టుటయే మూలకారణము. కాడ్ గ్రుడ్లు లక్షలకొలది పెట్టును గాని పిల్ల యీడేరుటకు అయిదాఱేండ్లకు తక్కువ పట్టదు. పాతర త్రవ్వినవానికి ఆ యేండ్ల నెవరప్పిత్తురు?

ఆ దుర్దినములలో ఫోగో అను చిన్నదీవి వారు కొంత తట్టుకొనగలిగిరి. ఊరు విడిచి పొమ్మని తొందర కలిగిన కాలమున, 1967లో, వారు సహకార సంఘమును స్థాపించుకొని పడవలు కట్టుకొనిరి, చేపలను తామే శుద్ధిచేసి అమ్ముకొనిరి. కాడ్ పోయినప్పుడు ఆ సంఘము పీతలను, రొయ్యలను ఆధారము చేసికొని నిలిచెను. సంఘము చేపను రక్షింపలేకపోయెను గాని, ఊరిని రక్షించెను.

మనకు వర్తించునది

మన తూర్పుతీరమున ఏటేట ఏప్రిలు 15 మొదలు జూను 14 వఱకు 61 దినములు మరపడవల వేట నిషిద్ధము. చేప గ్రుడ్లు పెట్టి పెరుగుటకై విడిచిన గడువది. ఆ దినములలో జాలరి పస్తుండుట మన పళ్లెము నిండుటకే యని తీరమునకు దూరముననున్న రైతులును ఎఱుగవలెను.

మన పొలములలోని బోరుబావి మాత్రమేమి? నీరు తగ్గినకొలది మఱింత లోతు త్రవ్వుదుము. గొట్టమునిండ నీరు వచ్చుచున్నంతకాలము భూగర్భము నిండియున్నదని తలతుము. లోతైన బోరు ఆ యీడ్పువల వంటిదే. కావున వచ్చిన నీటిని గాక, మిగిలిన నీటిమట్టమును కొలువవలెను. ఒక్కరు గాక ఊరివారందఱు కూడి కొలువవలెను. కొలిచిన లెక్కకు అందఱును లోబడవలెను. ఈ మూడును సంఘమువలననే సాధ్యములు.

మండలిలో చర్చింపదగిన ప్రశ్నలు

1. పై పరీక్షలో రెండవ యేట మేల్కొని తలకెన్ని గింజలు తీసిన పళ్లెము మరల నిండును? ఎన్నేండ్లకు?

2. మీ గ్రామమున ఊరుమ్మడిగా నున్నవి యేవి? వానిలో మిగిలినదానిని కొలుచువా రెవరు?

3. చిన్నపడవవాని మొఱ వంటిది మీ యూర నెవరైన చెప్పుచున్నారా? మీరు వినుచున్నారా?