యువజన ఒలింపిక్ క్రీడలు - స్థలనిర్ణయము

గొప్ప పోటీలకు గొప్ప కట్టడము కావలెనని పలువురు తలఁతురు. అది యెంతవఱకు నిజమో, యువజన ఒలింపిక్ క్రీడలు జరిగిన మూఁడు పట్టణములను పోల్చి చూతము.

2010లో సింగపూరువారు ప్రారంభోత్సవమును నీటిపైఁ దేలు వేదికమీఁద జరిపిరి; ఒడ్డున 27,000 ఆసనము లుండెను. 2014లో నాన్‌జింగువారు, 2005 నాఁటి చైనా జాతీయ క్రీడలకై కట్టిన విశాల క్రీడారంగమునందే ప్రారంభోత్సవము జరిపిరి. క్రొత్తదాని వ్యయము తప్పెను. 2018లో బ్యూనస్ ఐరిస్‌వారు క్రీడారంగమును విడిచి, 'జూలై 9' అను రాజవీధిలో ఒబెలిస్కో స్తంభము చెంత ఉత్సవ మారంభించిరి. ఉద్యానవనములలో జరిగిన పోటీలకు ప్రవేశ రుసుము లేదు. చేతఁ గాసు లేని పిల్లవాఁడును చూడఁగలిగెను. బాలురును బాలికలును సమసంఖ్యలోఁ బాల్గొనుట అచ్చటనే మొదలు. క్రీడాకారుల వసతులు పిమ్మట పురజనులకు గృహములాయెను.

బహిరంగస్థలమున జనమును అదుపుచేయుట కష్టమనియు, వానకు మాటు లేదనియు నెఱుఁగుదుము. ఐనను స్థలము నెన్నువారు ముందడుగవలసిన ప్రశ్నలు రెండు: పోటీలో లేని బీదబాలుఁడు చూడవచ్చునా? పోటీ ముగిసిన పిదప ఊరివారికేమి మిగులును? ఆసనముల లెక్క వాని తరువాతిదని మా యభిప్రాయము.