సంతకానికి ముందు – జన్యు పరీక్ష, సమ్మతి పత్రం

జన్యువులు తల్లిదండ్రుల నుండి పిల్లలకు వస్తాయి. సికిల్ సెల్, తలసేమియా వంటి రక్త వ్యాధులు ఈ విధంగా వచ్చేవే. తల్లీ తండ్రీ ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. వాహకులు మాత్రం ఆరోగ్యంగానే కనిపిస్తారు. కనుక పరీక్ష మంచిదే.

అయితే ఇది జ్వరానికి చేసే పరీక్ష వంటిది కాదు. జ్వరం తగ్గితే ఆ రిపోర్టుతో పని తీరుతుంది. జన్యు ఫలితం జీవితాంతం మారదు. అది మన అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల విషయం కూడా చెబుతుంది. రేపు పెళ్లి సంబంధం దాకా పోవచ్చు. అందుకే ముందుగా వివరం చెప్పి, సమ్మతి తీసుకోవాలి.

హాస్టల్ విద్యార్థులకు ఇది ఎంత ముఖ్యమో మన కోదాడ పక్కనున్న ఖమ్మం జిల్లా చెబుతుంది. అక్కడ జరిగింది జన్యు పరీక్ష కాదు, టీకా అధ్యయనం. 2009 జూలైలో అప్పటి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10–14 ఏళ్ల బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా టీకా వేశారు. విమర్శలు రావడంతో 2010 ఏప్రిల్‌లో నిలిపివేశారు. పార్లమెంటు స్థాయీ సంఘం 2013 నివేదిక ప్రకారం 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 వేలిముద్రలు, 2,763 హాస్టల్ వార్డెన్ల సంతకాలు. కొందరు బాలికల మరణాలకు టీకా కారణంగా కనిపించలేదని విచారణ సంఘం తెలిపింది. లోపం మందులో కాదు, అడిగిన పద్ధతిలో ఉంది. తల్లిదండ్రులను అడగవలసిన మాట వార్డెన్ సంతకంతో ముగిసింది.

నియమాలు గుర్తుంచుకోండి. వైద్య పరిశోధనల్లో 18 ఏళ్లలోపు వారికి తల్లిదండ్రుల సమ్మతి కావాలి. ఏడేళ్లు దాటిన పిల్లల ఇష్టాన్నీ అడగాలని ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. చదువురాని వారు వేలిముద్ర వేస్తే, చదువు వచ్చిన, ఆ పనితో సంబంధం లేని సాక్షి ఉండాలి. గర్భస్థ శిశువు పరీక్షకు 1994 చట్టం ప్రకారం గర్భిణికి అర్థమయ్యే భాషలో రాతపూర్వక సమ్మతి తీసుకుని, ఒక ప్రతి ఆమెకు ఇవ్వాలి.

సూర్యాపేటలో గానీ, మిర్యాలగూడలో గానీ సమ్మతి పత్రం చేతికిస్తే ఇవి అడగండి:

1. ఈ పరీక్ష దేనికి? ఫలితం వస్తే చేయగలిగింది ఏమిటి?
2. రక్తం ఏ ల్యాబ్‌కు పోతుంది? మిగిలినది ఏం చేస్తారు?
3. ఫలితం ఎవరెవరికి తెలుస్తుంది?
4. వద్దంటే మామూలు వైద్యం ఆగుతుందా?
5. కాగితం తెలుగులో ఉందా? మాకు ఒక ప్రతి ఇస్తారా?

నాలుగో ప్రశ్నకు "ఆగదు" అనే జవాబు రావాలి. ఇష్టం లేకుండా పెట్టించిన సంతకం సమ్మతి కాదు.

మనలో చాలామంది ఇళ్లలో కాగితం చదవగలిగేది మనమే. అమ్మానాన్నలు వేలిముద్ర వేసే ముందు కాగితం మొత్తం తెలుగులో చదివి వినిపించండి. అర్థం కాని మాట దగ్గర ఆగి డాక్టరును అడగండి. మన చదువు మొదట ఇంటికి ఉపయోగపడాలి.